కాటన్ దొర బోర్డు మీద ఏం రాయాలి?

ప్రశ్న: "నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఏటా మే 15న మా ఊరి లాకుల దగ్గర కాటన్ దొర విగ్రహానికి దండలు వేస్తారు. నిరుడు మా విద్యార్థిని ఒకమ్మాయి అక్కడ చదివిన ప్రసంగంలో ఈ మాటలున్నాయి: 'కలెక్టరుగా వచ్చిన సర్ ఆర్థర్ కాటన్ గారు 1852లో 175 గేట్లతో బ్యారేజీ కట్టారు. పెళ్ళి కూడా చేసుకోకుండా జీవితమంతా గోదావరికే ధారపోశారు. తర్వాత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ధవళేశ్వరంలోనే కన్నుమూశారు.' విన్న ఒక పెద్దాయన ఇందులో సగం తప్పులన్నారు గాని, ఏవి తప్పో చెప్పలేదు. ఈసారి ఆయన జీవితం, కుటుంబం మీద ఒక పెద్ద బోర్డు, ఇసుకలో ఆనకట్ట ఎలా నిలబడిందో చూపించే మోడల్ ఒకటి పిల్లల చేత చేయించాలనుకుంటున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతులు కలిపి నలభై మంది ఉన్నారు. ఫ్లెక్సు కొట్టించేస్తే సరిపోతుంది కదా అంటున్నారు కొందరు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

సమాధానం:

టీచరు గారూ, ఆ పెద్దాయన సగమే అన్నారు. నిజానికి ఆ నాలుగు వాక్యాల్లో ఒక్కటీ నిలవదు. అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి. ఆ తప్పులు ఊరూరా చలామణీలో ఉన్నవే. వాటిని ఒక్కొక్కటిగా విప్పితే మీ బోర్డుకి కావలసిన సరుకంతా దొరుకుతుంది.

మొదట 'కలెక్టరు'. కాటన్ ఏనాడూ కలెక్టరు కాదు. ఆయన ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో ఇంజినీరు అధికారి. ఆనకట్టకీ సైన్యానికీ ఏమిటి సంబంధమని పిల్లలు తప్పకుండా అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ఆ రోజుల్లో కంపెనీకి రోడ్లు, చెరువులు, వంతెనలు చూసే ప్రత్యేక సివిల్ ఇంజినీర్ల దండు లేదు. లండన్ దగ్గర ఆడిస్కోంబ్‌లో కంపెనీకి సొంత సైనిక విద్యాలయం ఉండేది. పదిహేను, పదహారేళ్ళ కుర్రాళ్ళకి అక్కడ లెక్కలు, కోటల నిర్మాణం, సర్వే నేర్పేవారు. బాగా చదివినవాళ్ళని ఇంజినీర్లుగా ఎంచుకునేవారు. యుద్ధం వస్తే వాళ్ళే కోట గోడలు పేల్చాలి, యుద్ధం లేనప్పుడు వాళ్ళే కాలవలు తవ్వించాలి. కాటన్ 1819లో సెకండ్ లెఫ్టినెంటుగా కమిషన్ అందుకుని, 1821లో మద్రాసు వచ్చారు. కొన్నాళ్ళు చెరువుల శాఖలో పనిచేశారు. 1824లో మొదలైన బర్మా యుద్ధానికి వెళ్ళారు. తిరిగొచ్చి కావేరి పనులు చేపట్టారు. మన ధవళేశ్వరం దాకా ఆయన నడిచిన దారి ఇది. మద్రాసు సాపర్ల, అంటే ఆ సైనిక ఇంజినీరు దళాల, వారసత్వం మోస్తున్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, ఇప్పటికీ బెంగళూరులో ఉంది. మీ ఊరి నుంచి ఎవరైనా అందులో పనిచేసి రిటైరై ఉంటే, ఆ రోజు పిలిచి పిల్లల ముందు కూర్చోబెట్టండి.

'సర్' కూడా ఆ వాక్యంలో కుదరదు. ఆ బిరుదు 1861లో వచ్చింది. కె.సి.ఎస్.ఐ. అనే ఇంకో బిరుదు 1866లో. ఆనకట్ట కట్టిన రోజుల్లో ఆయనకు సైనిక హోదా తప్ప బిరుదేమీ లేదు. కాబట్టి బోర్డు మీద 1861కి ముందున్న ఏ కార్డులోనూ 'సర్' రాయకండి. పిల్లలు ఈ చిన్న నియమం ఒక్కటి పాటిస్తే, ఏ మాటైనా దాని సంవత్సరం దగ్గరే నిలబడాలన్న అలవాటు వస్తుంది.

175 గేట్ల సంగతి అంతకంటే ముఖ్యం. ఆ గేట్లున్నది ఇప్పటి బ్యారేజీకి. పాత ఆనకట్ట శిథిలమవుతుంటే 1970ల్లో మొదలుపెట్టి 1980ల మొదట్లో దాన్ని పూర్తిచేశారు, దానికి కాటన్ పేరు పెట్టారు. గేట్లు ధవళేశ్వరం పాయ మీద 70, ర్యాలి మీద 43, మద్దూరు మీద 23, విజ్జేశ్వరం మీద 39. కాటన్ 1847 నుంచి 1852 వరకు కట్టించినది ఆనకట్ట. నదికి అడ్డంగా దాదాపు 12 అడుగుల ఎత్తు రాతికట్టు, నాలుగు పాయల మీద నాలుగు ముక్కలు, అన్నీ కలిపితే రెండుంబావు మైళ్ళు, అంటే సుమారు 3.6 కిలోమీటర్లు. వరద వస్తే గేట్లెత్తే పని లేదు, నీరు కట్టు మీదుగా పొర్లిపోయేది. పక్కల మాత్రం ఇసుక కొట్టుకుపోవడానికి తూములు, కాలవల్లోకి నీరు మళ్ళించే తూములు, పడవలు దాటడానికి లాకులు ఉండేవి. మీ పిల్లలు బొమ్మ గీసేటప్పుడు అలవాటుకొద్దీ గేట్లే గీస్తారు. ముందే చెప్పండి.

కాంగ్రెస్ అధ్యక్షుడు వేరే కాటన్. ఆయన సర్ హెన్రీ కాటన్. ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసి, 1904లో బొంబాయి కాంగ్రెస్‌కి అధ్యక్షత వహించారు. అప్పటికి మన కాటన్ పోయి అయిదేళ్ళయింది. బిషప్ కాటన్ పేరుతో ఉన్న బడులు కూడా వేరే కాటన్ పేరు మీదవే.

ఇక పెళ్ళి. మీ బోర్డు సగం నిండేది ఇక్కడే, కాస్త వివరంగా చెబుతాం.

కాటన్‌ది ఇంగ్లండ్‌లో పేరున్న వంశం. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కి ఆర్థర్ పదో కొడుకు. అంతమంది అన్నదమ్ములున్న ఇంట్లో చిన్నవాళ్ళకి ఆస్తి రాదు, ఎవరి బతుకు వాళ్ళు చూసుకోవాల్సిందే. అందుకే ఆ ఇంటి మగపిల్లలు తలా ఒక దారి పట్టారు. పెద్దన్నల్లో ఒకరు రిచర్డ్ లించ్ కాటన్, ఆక్స్‌ఫర్డ్‌లో ఉర్‌స్టర్ కాలేజీకి అధిపతిగా ఏళ్ళ తరబడి ఉన్నారు. ఇంకో అన్న సిడ్నీ కాటన్, సైన్యాధికారి, 1857 తిరుగుబాటు నాటికి పెషావరులో ఉన్నారు, 'సర్' కూడా అయ్యారు. తమ్ముడు ఫ్రెడరిక్ కాన్యర్స్ కాటన్ అన్నలాగే మద్రాసు ఇంజినీర్లలో చేరారు. పెదనాన్న కొడుకు స్టేపుల్టన్ కాటన్, అంటే లార్డ్ కోంబర్‌మియర్, భారత సైన్యానికి సేనాధిపతిగా ఉండి 1826లో భరత్‌పూర్ కోటని పట్టుకున్నారు. ఆ ఏడు మన కాటన్ ఇంకా కుర్ర అధికారి. ఒక్కడే ఆకాశం నుంచి ఊడిపడినట్టు చెప్పే ప్రసంగాలకి ఈ వంశవృక్షమే విరుగుడు. పాత కాగితాల్లో 'కాటన్' అన్న పేరు కనబడ్డ ప్రతిచోటా అది ఆర్థరే అనుకోవడం పెద్ద పొరపాటని కూడా పిల్లలకి దీంతో తెలుస్తుంది.

మద్రాసు ఎండలు, అడవి జ్వరాలు ఆయన్ని చాలాసార్లు పడగొట్టాయి. ఆరోగ్యం కోసం ఆస్ట్రేలియా వైపు వెళ్ళిన రోజుల్లోనే, 1841లో, టాస్మేనియాలో ఎలిజబెత్ లెర్‌మంత్‌ని పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి ఆయనకి 38 ఏళ్ళు. మరుసటేడు డిసెంబరులో అక్కడే కూతురు పుట్టింది, ఆ పాప పేరూ ఎలిజబెత్తే. ఈ లెక్క పిల్లల చేతే వేయించండి: కాటన్ గోదావరి మీద మొదటి నివేదిక రాసిన 1844లో పాపకి ఏడాదిన్నర దాటింది. పని మొదలైన 1847లో నాలుగు దాటి అయిదో ఏడు. ఆనకట్ట పూర్తయిన 1852 మార్చి నాటికి తొమ్మిదేళ్ళు, అంటే మన లెక్కన నాలుగో తరగతి పిల్ల. మీ విద్యార్థులకి పుట్టిన తేదీల కంటే ఈ వయసులు బాగా గుర్తుంటాయి.

ఈ కూతురే పెద్దయ్యాక 1877లో అడ్మిరల్ జేమ్స్ హోప్‌ని పెళ్ళాడి లేడీ హోప్ అయింది. తండ్రి పోయిన మరుసటి ఏడు, 1900లో, ఆయన జీవితచరిత్రని పుస్తకంగా తెచ్చింది. కాటన్ ఇంటి సంగతులంటూ మనకి చేరినవాటిలో చాలావరకు ఆ పుస్తకంలోంచి వచ్చినవే. అందుకే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇంటి అలవాట్లు, మాటతీరు, జబ్బులు, ఉత్తరాలు లాంటివాటికి ఆమె కంటే దగ్గరి సాక్షి లేరు, నిస్సంకోచంగా వాడుకోండి. కొలతలు, ఖర్చులు, ఆయకట్టు మాత్రం ప్రభుత్వ నివేదికల్లోంచి తీసుకోండి. తండ్రి మీద ప్రేమతో రాసిన కూతురు రచన అది. ఇంకో సంగతి. ఛార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో తన పరిణామ సిద్ధాంతం గురించి పశ్చాత్తాపపడ్డాడంటూ 1915లో అచ్చయిన కథ ఈ లేడీ హోప్ చెప్పిందే. డార్విన్ కూతురు హెన్రియెట్టా 1922లో దాన్ని ఖండించింది, చరిత్రకారులు నమ్మరు. బోర్డు మీద అది అక్కర్లేదు. కాని పిల్లలు ఫోనులో ఆమె పేరు కొడితే మొదట వచ్చేది అదే కాబట్టి మీకు తెలిసి ఉండాలి.

చివరి వాక్యం: కాటన్ 1860లో పదవీ విరమణ చేసి ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. 1862, 63ల్లో ఒకసారి వచ్చి సలహాలిచ్చి వెళ్ళారు గాని ఇక్కడ స్థిరపడలేదు. సర్రీ జిల్లాలోని డోర్కింగ్‌లో 1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో పోయారు. ముసలితనంలో కూడా అక్కడి తోటలో లోతుదుక్కి చేయించి గోధుమ మీద ప్రయోగాలు చేశారు. ఈ ఒక్క సంగతికి ఒక కార్డు కేటాయించండి. రైతుల పిల్లలకి నచ్చుతుంది.

ఇప్పుడు బోర్డు తయారీ. ఫ్లెక్సు వద్దు. ఫ్లెక్సులో ఒక సంవత్సరం తప్పు పడితే పదేళ్ళు అలాగే వేలాడుతుంది, పైగా పిల్లలు చేసేదేమీ ఉండదు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న మామూలు ప్లైవుడ్ షీటు తీసుకోండి, ఆరు మిల్లీమీటర్ల మందం చాలు. ఎందుకు ఆ సైజంటే, ఎనిమిది అడుగులంటే 96 అంగుళాలు, కాటన్ బతికినవీ 96 ఏళ్ళే. ఏడాదికి ఒక అంగుళం. సంవత్సరంలోంచి ఆయన పుట్టిన 1803 తీసేస్తే ఎడమ అంచు నుంచి ఎన్ని అంగుళాల దగ్గర కార్డు పెట్టాలో వచ్చేస్తుంది. 1821కి 18వ అంగుళం, 1841కి 38, 1852కి 49, 1860కి 57.

ఈ కొలత గీశాక పిల్లల్ని నిలబెట్టి చూపించండి. ఇండియాకి రాకముందు 18 అంగుళాలు. ఇండియాలో కొలువు 39 అంగుళాలు. రిటైరయ్యాక మళ్ళీ సరిగ్గా 39 అంగుళాలు. మనం రోజూ తలుచుకునే ఆనకట్ట పని మొత్తం 44కీ 49కీ మధ్య, అయిదంటే అయిదే అంగుళాలు. అందులోనూ 45 నుంచి 47 దాకా ఆయన అసలు ఇక్కడ లేరు. 1848లో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని ఆస్ట్రేలియా వెళ్ళి 1850లో తిరిగొచ్చారు. ఆ రెండేళ్ళు పని నడిపించింది కెప్టెన్ ఆర్ (Orr) అనే ఇంజినీరు. తర్వాత బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టిందీ ఈ కెప్టెనే. ఆ రెండంగుళాలకి వేరే రంగు వేయించి, ఆర్ పేరు రాయించండి. అదే చోట వీణెం వీరన్న పేరు తప్పనిసరిగా ఉండాలి. కూలీలకీ దొరలకీ మధ్య నిలబడి, వేల మందిని సమకూర్చి పని చేయించిన మన తెలుగు ఓవర్సీరు ఆయన. రాయ్ బహదూర్ బిరుదు పొందారు. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద నలభై తొమ్మిది కమానుల పాత అక్విడెక్టుని, అంటే పాయ మీదుగా కాలవని దాటించే వంతెనని, కట్టించినది లెఫ్టినెంట్ హేగ్. ఒక్కో కమాను వెడల్పు నలభై అడుగులు, కమానుల ఖాళీలే లెక్కేస్తే 1,960 అడుగులు. మీ జిల్లాలోదే కాబట్టి ఈ గుణకారం అక్కడే నిలబడి చేయించవచ్చు. కాటన్ గొప్పతనం ఇలాంటి మనుషుల్ని ఎంచుకుని, నమ్మి వదిలెయ్యడంలో చాలా ఉంది. వాళ్ళ పేర్లు రాస్తే ఆయన పేరు చిన్నదవుతుందని భయపడక్కర్లేదు.

పని జరిగే తీరు: చార్టు పేపరు 28 అంగుళాల పొడవుంటుంది, మూడు సరిపోవు, నాలుగు కావాలి. అతుకులు కార్డుల కింద పడేలా చూసుకోండి. మైదా జిగురు వాడితే వారంలో ముడతలు పడుతుంది, చెమ్మకి పురుగు పడుతుంది. ఫెవికాల్‌లో మూడో వంతు నీళ్ళు కలిపి అంచులకి మాత్రమే రాయండి. కార్డులు నాలుగంగుళాలు బై మూడంగుళాలు. శీర్షిక అక్షరం అంగుళం ఎత్తు, కార్డులోది అరంగుళానికి తగ్గకూడదు, లేకపోతే వెనక వరసకి కనబడదు. అరంగుళం అక్షరాలతో ఒక కార్డులో ఆరేడు మాటలకంటే పట్టవు. అదే మంచిది, పిల్లలు పేరాలు ఎక్కించకుండా ఉంటారు. అసలు చిక్కు 38 నుంచి 49 మధ్య వస్తుంది: పెళ్ళి, పాప పుట్టుక, మొదటి నివేదిక, మంజూరు, పని మొదలు, జబ్బు, తిరిగి రావడం, పూర్తి. పదకొండంగుళాల్లో ఎనిమిది కార్డులు పక్కపక్కన పట్టవు. కార్డుల్ని మూడు వరసల ఎత్తులో పెట్టి, ఒక్కో దాని నుంచి దారం లాగి సరైన అంగుళం దగ్గర గుండుసూది గుచ్చండి. జీవితం కార్డులు గీతకి పైన, కుటుంబం కార్డులు గీతకి కింద ఉంటే చూడగానే తెలుస్తుంది. కూతురు పుస్తకం తెచ్చిన 1900 సంవత్సరం 97వ అంగుళం మీద పడుతుంది, షీటుకి ఒక అంగుళం బయట. ఆ కార్డుని చెక్క ఫ్రేము మీద అంటించండి. తండ్రి పోయాక వచ్చిన పుస్తకమని చెప్పకుండానే తెలుస్తుంది.

ఆనకట్ట ఎందుకు అవసరమైందో చెప్పే కార్డు ఒకటి 41వ అంగుళానికి ముందు ఉండాలి. 1832, 33ల్లో పెద్ద కరువు, 1839లో కోరంగిని ముంచిన తుఫాను. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308, 1841 నాటికి 5,61,041. అంటే ఇరవై ఏళ్ళలో నూటికి 24 మంది తగ్గారు. తరగతిలో నలభై మందిని నిలబెట్టి పదిమందిని గుమ్మం బయటికి పంపండి, అంకె అర్థమవుతుంది. అందరూ చనిపోయారని మాత్రం చెప్పకండి. చాలామంది ఊళ్ళొదిలి వలసపోయారు కూడా. కంపెనీ ఈ పనికి డబ్బిచ్చింది దయతో మాత్రమే అని కూడా రాయకండి. భూమిశిస్తు పడిపోయింది, నీళ్ళిస్తే అది తిరిగి పెరుగుతుందన్న లెక్క ఉంది. కాటన్ తన నివేదికల్లో ఆ లెక్క చూపించే కంపెనీని ఒప్పించారు. కంపెనీ లాభమూ, కాటన్‌కి జనం ఆకలి మీద ఉన్న బాధా రెండూ నిజమే. ఎనిమిదో తరగతి పిల్లలు ఆ రెండింటినీ ఒకేసారి అర్థం చేసుకోగలరు.

57 తర్వాత ఉన్న 39 అంగుళాలు ఖాళీగా వదిలెయ్యకండి. ఇంగ్లండ్‌లో కూర్చుని ఆయన చేసింది వాదన. రైళ్ళకి పెట్టే డబ్బు కాలవలకి పెట్టండి, పంటకి పంటా, పడవల రవాణాకి రవాణా అని పోరాడారు. ఆ వాదనలో ఓడిపోయారు. ఆయన ఆలోచనల వెంటే మొదలైన కర్నూలు, కడప కాలవ ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో నష్టాల పాలైంది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. ఇదీ బోర్డు మీద ఉండాలి. ఓడిపోయినచోట కూడా చూపిస్తేనే పిల్లలకి ఆయన మనిషిగా కనబడతాడు.

మోడల్ విషయానికొస్తే, థర్మాకోల్ ఆనకట్ట చేసి నీలం రంగు పూయించకండి. గోదావరి అడుగున రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసుకే. ఆ ఇసుక మీద కట్టు ఎలా నిలిచిందన్నదే విషయం. దీనికి రెండడుగుల పొడవు, తొమ్మిది పది అంగుళాల వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె కావాలి. పాత చేపల తొట్టి అయినా సరే. నాలుగంగుళాల మందం ముతక ఇసుక, మూడుసార్లు కడిగి పొయ్యండి. కడక్కపోతే నీళ్ళు బురదయి లోపల జరిగేది కనబడదు. ఇసుకని ముందే నీళ్ళతో పూర్తిగా తడిపి, మధ్యలో ఒక ఇటుకని పక్కవాటుగా అడ్డంగా నిలబెట్టండి. అప్పుడు దాని ఎత్తు నాలుగంగుళాలు, కింద ఆనేది మూడంగుళాలు. రెండు చివర్ల సందుల్ని జిగురుమట్టితో గట్టిగా మూయించండి. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే: సందు మిగిలితే నీరు పక్కనుంచి పోతుంది, కింద జరగాల్సింది జరగదు.

ఒక వైపు మాత్రమే నీళ్ళు పొయ్యండి. సూటిగా ఇసుక మీద పోస్తే గొయ్యి పడుతుంది, ఒక బాదం ఆకు వేసి దాని మీద పొయ్యండి. నీరు మూడంగుళాలు దాటేసరికి ఇటుక అవతలి పాదం దగ్గర ఇసుక బుడబుడమని ఉడికినట్టు లేవడం మొదలవుతుంది. నీరు ఇటుక కిందనుంచి దూరి, ఇసుక రేణువుల్ని ఎత్తుకుంటూ బయటికొస్తోందన్నమాట. కాసేపటికి ఇటుక ఒరుగుతుంది. ఇసుక మరీ ముతకైతే లేవదు. అలాంటప్పుడు ఇంకాస్త సన్నది కలపండి. ఇటుక ఒరగడం ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలు, పిల్లలు ఈ సంగతి జన్మలో మరిచిపోరు.

రెండోసారి మళ్ళీ సర్ది, ఇటుక అవతల ఆరంగుళాల మేర ముందు సన్న కంకర, దానిమీద పెద్ద కంకర, మొత్తం అంగుళంన్నర మందం పరవండి. ఇటుక ఇవతల కూడా నాలుగంగుళాల మేర జిగురుమట్టి పొర వెయ్యండి. నీరు కింద నడవాల్సిన దారి పొడుగయింది, బయటికొచ్చేచోట బరువు పడింది. అంతే ఎత్తు నీళ్ళు పోసినా ఇసుక ఉడకడం తగ్గిపోతుంది. మూడోసారి నీటిని ఇటుక మీదుగా పొర్లించండి. కంకర లేకపోతే పడే ధార పాదం దగ్గర గొయ్యి తవ్వుతుంది. ఉంటే దాని ఊపు అక్కడే చస్తుంది. ధవళేశ్వరంలో కట్టు వెనక వాలుగా పరిచిన రాతి పని ఇదే. పక్కనున్న కొండ రాయే అందుకు పనికొచ్చింది. వరద ఆ రాళ్ళని కొంత మింగుతుంది, ఏటా మళ్ళీ వేస్తూ ఉండాలి. ఆనకట్ట కట్టేసి చేతులు దులుపుకునే పని కాదని ఇక్కడే చెప్పొచ్చు.

ఈ విద్య కాటన్ ఇంగ్లండ్ నుంచి మోసుకొచ్చింది కాదు. కావేరి మీద చోళుల నాటి కల్లణై ఆనకట్టని పరీక్షగా చూసి, లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం ఆ పాత కట్టడం కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నారు. ఈ మాట మోడల్ పక్కనే రాసి పెట్టండి.

తేదీ గురించి ఒక సలహా. మే 15న మీ పిల్లలు సెలవుల్లో ఉంటారు, సగంమంది అమ్మమ్మగారి ఊళ్ళో ఉంటారు. ఆ రోజు విగ్రహం దగ్గర ఊరివాళ్ళ కార్యక్రమం మామూలుగా జరగనిచ్చి, మీ ప్రదర్శన వర్ధంతి రోజు, జూలై 24న పెట్టుకోండి. బడి నడుస్తుంటుంది, కాలవల్లో నీళ్ళుంటాయి, గోదావరి ఎర్రబడి ఉంటుంది. జూన్‌లో బడి తెరిచాక ఆరు వారాలు చేతిలో ఉంటాయి: మొదటి వారం కార్డుల మాటలు రాయడం, రెండో వారం ఒకరి కార్డు సంవత్సరాన్ని ఇంకొకరు సరిచూడటం, ఆ తర్వాతే జిగురు.

వీలైతే అంటించేముందు ఒక ఆదివారం ధవళేశ్వరం తీసుకెళ్ళండి. అక్కడి కాటన్ మ్యూజియం చూపించి, బ్యారేజీ రోడ్డు మీద నాలుగు జట్లుగా చేసి ఒక్కో పాయ గేట్లు లెక్కపెట్టమనండి. 70, 43, 23, 39 రావాలి. తేడా వస్తే మళ్ళీ లెక్కపెట్టమనండి. మీ కోనసీమ కాలవలకి నీరు బయల్దేరే బొబ్బర్లంక తూము దగ్గర కాసేపు ఆపండి. వాహనాలు తిరిగే రోడ్డు కాబట్టి జట్టుకొక పెద్దవాళ్ళుండాలి. జూన్ ఆఖరుకే వరద మొదలైతే ఘాట్ మెట్లు కూడా దిగనివ్వకండి.